ముఠాదారు ఎవరి మనిషి?

చిక్కడపల్లి లైబ్రరీ బ్యాచ్:
గ్రూప్స్‌కి చదువుతున్నాను. అక్కడి మూలవాసుల మీద కెనడా 1876లో చేసిన ఇండియన్ యాక్ట్ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెగ పెద్ద తాగుబోతనో, నీతి లేనివాడనో, చేతకానివాడనో అనిపిస్తే సర్కారే తీసేయొచ్చట (తాగుబోతు ఆఫీసర్‌ని ఎవరు తీసేస్తారో మరి). మన ఏజెన్సీలోనూ ఇలాంటిది ఉండేదా? కొన్ని కొండ ఊళ్లను కలిపి ముఠా అంటారట, దాని పెద్ద ముఠాదారు. కోచింగ్ నోట్స్‌లో 'ముఠాదారులు గిరిజనుల సంప్రదాయ నాయకులు' అని ఒక్క లైనుతో సరిపెట్టారు.

పాడేరు నుంచి కూకట్‌పల్లికి:
ఆ లైను సగమే నిజం బ్రదర్. ముఠాదారీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేదే, కాకపోతే చేతిలో సర్కారు ఇచ్చిన సనదు (అధికార పత్రం) ఉండాలి. 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాల్లో మామూలు చట్టాలు పక్కనపెట్టి కలెక్టరునే గవర్నరు ఏజెంటును చేశారు, 'ఏజెన్సీ' అన్న పేరు అలా వచ్చిందే. గోదావరి వైపు రంపలో జమీందారు లాంటి మన్సబ్‌దారు కల్లు మీద చిగురుపన్ను గుంజుతుంటే, దానికి తోడు సర్కారు ఆంక్షలు కూడా వచ్చిపడి, 1879లో ఫితూరీ (తిరుగుబాటు) లేచింది. దాన్ని అణిచాక మన్సబ్‌దారును తప్పించి ముఠాదారులకే నేరుగా సనదులిచ్చారు. కట్టుబడి (నిర్ణీత శిస్తు) కట్టాలి, నేరం జరిగితే కబురు పెట్టాలి, పోలీసులకు సాయపడాలి. తేడా వస్తే సనదు గోవిందా. ఇక ఆయన ఊరి మొహం చూస్తాడా, కలెక్టరు మొహం చూస్తాడా?

మన్యం మాట:
అందరూ అటే చూడలేదులెండి. గాం గంటందొర మునసబు పని ఊడగొట్టించుకున్నాకే కదా అల్లూరితో కలిసింది.

ఉట్నూరోణ్ణి:
మా ఆదిలాబాద్ కథ కొంచెం వేరే అన్నా. 1940లో కొమురం భీం చనిపోయాక నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది, కేస్లాపూర్ నాగోబా జాతరలో జరిగే దర్బారు ఆయన చలవే. పటేళ్లు, సార్మెడిలు (గిరిజన పెద్దలు) కూర్చుంటే ఆఫీసర్లే అక్కడికి వస్తారు. అదొక మర్యాద, కాదనను. కానీ వినేది, సంతకం పెట్టేది మాత్రం ఆ ఆఫీసర్లే.

చిక్కడపల్లి లైబ్రరీ బ్యాచ్:
మరి 1969లో ముఠాలు రద్దయ్యాయి కదా, పెత్తనం ఊరికి తిరిగొచ్చినట్టేనా?

పాడేరు నుంచి కూకట్‌పల్లికి:
రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి) వచ్చింది, ముఠాదారు కుర్చీలో రెవెన్యూ వాళ్లు కూర్చున్నారు. గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం 1996లో వస్తే, ఉమ్మడి రాష్ట్రంలో రూల్స్‌కి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. పోయినసారి సభకి మా బాబాయి వెళ్లేసరికి తీర్మానం ముందే రాసి ఉందట, సంతకాలే తక్కువ.