పాత కీబోర్డుల మీద మక్కువ: జ్ఞాపకాల వల్లనా, నిర్మాణం వల్లనా?

ప్రశ్న

వృత్తిరీత్యా రోజులో ఎక్కువ భాగం టైపు చేస్తూ గడుపుతాను. ఒక కార్యాలయం వాడకం నుంచి తీసేసిన సామగ్రిలో ఐబీఎం వారి మోడల్ ఎం కీబోర్డు ఒకటి ఇటీవల నా చేతికి వచ్చింది. వెనక అతికించిన చీటీ మీద 1391401 అనే సంఖ్య, 1989 నాటి తేదీ ఉన్నాయి. రెండు కిలోలకు పైగా బరువుంది, ప్రతి మీటకూ టక్కుమని శబ్దం చేస్తుంది, విండోస్ మీట లేనే లేదు. ఇన్ని అసౌకర్యాలున్నా దీని మీద కొంతకాలం పనిచేశాక నా పాత పలుచని కీబోర్డుకు తిరిగి వెళ్లడం కష్టంగా ఉంది. మీట నొక్కిన ప్రతిసారీ అక్షరం పడిందో లేదో తెరవైపు చూడకుండానే తెలుస్తోంది.

ఈ కీబోర్డు తయారైన రోజుల్లో నేను కంప్యూటరును చూసి కూడా ఉండలేదు. అందువల్ల నా ఇష్టాన్ని చిన్ననాటి జ్ఞాపకాల ఖాతాలో వేయడానికి వీలులేదు. దీని నిర్మాణంలో నిజంగా ఏదైనా విశేషం ఉందా, లేక బరువునూ శబ్దాన్నీ నాణ్యతగా భావించి నన్ను నేను ఒప్పించుకుంటున్నానా? రోజువారీ పనికి దీన్ని స్థిరంగా వాడదలిస్తే ఏయే విషయాలు చూసుకోవాలో కూడా అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ వేళ్లకు తెలిసిన తేడా నిజమైనదే. దానికి స్పష్టమైన యాంత్రిక కారణం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మోడల్ ఎం కీబోర్డులో ప్రతి మీట కిందా ఒక చిన్న గొట్టం, ఆ గొట్టంలో నిలువుగా ఒక సన్నని స్ప్రింగ్, స్ప్రింగ్ అడుగున అటూ ఇటూ ఊగగలిగే ఒక ప్లాస్టిక్ పలక ఉంటాయి. మీటను నొక్కుతున్న కొద్దీ స్ప్రింగ్ కుదించుకుపోతూ వేలికి క్రమంగా ఎక్కువ ప్రతిఘటన ఇస్తుంది. ఒక హద్దు దాటగానే నిటారుగా నిలవలేక పక్కకు వంగిపోతుంది. స్కేలును బల్లమీద నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కితే ఒక్కసారిగా విల్లులా వంగడం చూసే ఉంటారు, ఇదీ అటువంటిదే. అలా వంగిన స్ప్రింగ్ గొట్టం గోడకు తగలడం వల్ల మీరు వినే శబ్దం పుడుతుంది, అదే కదలికతో అడుగున ఉన్న పలక ఒరిగి కింది పొరలను కలిపి కంప్యూటరుకు సంకేతం పంపుతుంది. దీన్నే బక్లింగ్ స్ప్రింగ్ అంటారు. ఐబీఎం ఇంజనీరు రిచర్డ్ హంటర్ హ్యారిస్ పేరిట దీనికి 1978లో అమెరికా పేటెంట్ లభించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వేలికి ప్రతిఘటన తగ్గడం, చెవికి శబ్దం వినిపించడం, కంప్యూటరుకు సంకేతం చేరడం అనే మూడూ ఒకే కదలిక ఫలితాలు. శబ్దం కోసం విడిగా అమర్చిన భాగమేదీ ఇందులో లేదు. ఇప్పుడు విరివిగా దొరికే, మీట కింద గుమ్మటం లాంటి రబ్బరు బుడిపె ఉండే రబ్బరు డోమ్ కీబోర్డులో డోమ్ కుంగినట్టు వేలికి ముందే తెలిసినా, మీట దాదాపు అడుగుకు చేరితేగాని సంకేతం వెళ్లదు; అందుకే వాటి మీద టైపు చేసేవారు ప్రతి మీటనూ చివరిదాకా దిగనొక్కడానికి అలవాటుపడతారు. టక్కుమనే ఆధునిక స్విచ్‌లలో బాగా పేరున్న చెర్రీ ఎంఎక్స్ బ్లూలో శబ్దం కోసమే ఒక చిన్న జారుడు ముక్క ఉంటుంది, పైగా మీట దిగేటప్పుడు సంకేతం మొదలయ్యే చోటు, పైకి లేచేటప్పుడు అది ఆగే చోటు వేరువేరుగా ఉంటాయి. మంచి స్విచ్ కాదని నేను అనను. అయితే అందులో శబ్దం సంకేతానికి ప్రకటన మాత్రమే, మోడల్ ఎంలో శబ్దమూ సంకేతమూ ఒకే సంఘటన. తెర చూడకుండానే అక్షరం పడిందని మీకు తెలుస్తున్నది ఇందువల్లనే.

ఇంతటి శ్రద్ధ ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు జవాబు ఆనాటి వాడకందారుల్లో ఉంది. 1961లో వచ్చిన సెలెక్ట్రిక్ విద్యుత్ టైపురైటర్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన టైపిస్టులే ఐబీఎంకు ముఖ్యమైన ఖాతాదారులు. వారు కాగితం మీద అక్షరం పడటాన్ని వేళ్లతోనూ చెవులతోనూ పోల్చుకునేవారు, కాబట్టి కంప్యూటరు టెర్మినల్ (పెద్ద కంప్యూటరుకు కలిపిన తెర, కీబోర్డు) ముందు కూర్చోబెట్టినప్పుడు వారికి ఆ భరోసా పోకూడదు. మొదట 3278 వంటి టెర్మినల్స్‌లో బీమ్ స్ప్రింగ్ అనే మరింత బరువైన ఏర్పాటు ఉండేది. తక్కువ ఖర్చులో, తక్కువ ఎత్తులో అదే అనుభూతిని ఇవ్వడానికి జరిగిన ప్రయత్నం నుంచి బక్లింగ్ స్ప్రింగ్ వచ్చింది. 1981లో ఐబీఎం పీసీతో పాటు 83 మీటలతో వచ్చిన మోడల్ ఎఫ్‌లో ఆ స్ప్రింగ్ కింద సర్క్యూట్ బోర్డు ఉండి, పలక ఒరిగినప్పుడు మారే కెపాసిటెన్స్‌ను (విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యాన్ని) బట్టి నొక్కిన మీటను గుర్తించేది. 1985 నుంచి తయారైన మోడల్ ఎంలో ఖర్చు తగ్గించడం కోసం ఆ బోర్డు స్థానంలో మెంబ్రేన్ పొరలు, అంటే విద్యుత్ గీతలున్న పలుచని ప్లాస్టిక్ పొరలు పెట్టారు. రెండూ వాడినవారిలో చాలామంది మోడల్ ఎఫ్ స్పర్శ మరింత తేలికగా, స్ఫుటంగా ఉంటుందని చెబుతారు, నా అభిప్రాయమూ అదే. మీరు ఇంతగా మెచ్చుకుంటున్నది ఖర్చు తగ్గించిన రూపమన్న సంగతి ఆ ఇంజనీర్ల పట్ల నా గౌరవాన్ని ఇంకా పెంచుతుంది.

రెండవ సమాధానం

పై వివరణతో నాకు పేచీ లేదు. కానీ పాత కీబోర్డులన్నీ గొప్పవనే భావన ఇక్కడ బలపడకూడదని కోరుకుంటున్నాను. ఆ కాలంలో నాసిరకం కీబోర్డులు కూడా పుష్కలంగా ఉండేవి. అవి చెత్తలోకి పోయాయి, గట్టివి మిగిలాయి, మిగిలినవాటిని చూసి మనం ఆ కాలాన్ని అంచనా వేస్తున్నాం. 1981 నాటి సింక్లెయిర్ జెడ్ఎక్స్81 అనే ఇంటి కంప్యూటరుకు పైకి లేచే మీటలే లేవు, చదునైన పలక మీద గీసిన గళ్లను వేలితో అదమాల్సి వచ్చేది. మోడల్ ఎఫ్‌ను తయారు చేసిన ఐబీఎం సంస్థే 1984లో మార్కెట్‌లోకి వచ్చిన పీసీ జూనియర్‌కు ఎడమెడంగా పేర్చిన చిన్న రబ్బరు మీటల కీబోర్డు ఇచ్చి తీవ్రమైన విమర్శకు గురైంది, ఆ ఏడాదే దాన్ని మార్చవలసి వచ్చింది. కాలం పాతదైనంత మాత్రాన వస్తువు మంచిది కానక్కరలేదు.

నా మట్టుకు నన్ను పాత కీబోర్డులవైపు లాగేది స్పర్శ ఒక్కటే కాదు, ఇంకా కుదురుకోని వాటి అమరిక. మీటలు ఎన్ని ఉండాలి, ఏది ఎక్కడ ఉండాలి అన్నది అప్పటికి తేలలేదు, అందువల్ల ఒక్కో కీబోర్డును చూస్తే దాని మీద ఎవరు ఏ పని చేస్తారని రూపకర్తలు ఊహించారో తెలిసిపోతుంది. బిల్ జాయ్ వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను రాసింది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ మీద. దానికి విడిగా బాణపు మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాల గుర్తులు అచ్చువేశారు. ఆ ఎడిటర్‌లో కర్సరును కదపడానికి ఈనాటికీ ఆ నాలుగు అక్షరాలే వాడుతున్నాం. ఆ టెర్మినల్‌లో హోమ్ అన్న మాట టిల్డా (~) గుర్తున్న మీట మీదే ఉండేది, యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడకందారు సొంత ఫోల్డరైన హోమ్ డైరెక్టరీకి టిల్డా గుర్తుగా నిలవడానికి మూలం అక్కడే ఉంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం తయారైన యంత్రాలకు జాన్ కల్ప్ రూపొందించిన స్పేస్ కేడెట్ కీబోర్డులో షిఫ్ట్, కంట్రోల్‌తో పాటు మెటా, సూపర్, హైపర్ అనే మీటలు కూడా ఉండేవి. ఈమ్యాక్స్ అనే ఎడిటర్ వాడేవారు నేటికీ ఆల్ట్ మీటను మెటా అంటారు, కానీ ఆ పేరున్న మీటను కళ్లతో చూసినవారు మనలో కొద్దిమందే ఉంటారు.

మీ మోడల్ ఎం ఈ ప్రయోగాల దశ ముగిసే చోట నిలబడింది. వరసగా పైన 12 ఫంక్షన్ మీటలు, కుడివైపు అంకెల మీటలు, మధ్యలో తలకిందులైన టీ అక్షరం ఆకారంలో బాణాలు అన్న 101 మీటల అమరిక దాంతోనే ప్రపంచమంతటా స్థిరపడింది. ఆ బాణాల ఆకారాన్ని అంతకుముందే డెక్ అనే కంప్యూటర్ల సంస్థ తన ఎల్‌కే201 కీబోర్డులో ప్రవేశపెట్టింది. కొత్త కీబోర్డుల్లో ఎన్ని హంగులున్నా చాలావాటి నక్షా అదే కాబట్టి, మీ వేళ్లకు ఆ పాత కీబోర్డు పరాయిగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మూడవ సమాధానం

నేను పాత కీబోర్డులను విప్పి బాగుచేస్తుంటాను కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబిస్తాను.

ముందుగా కీబోర్డును చేతుల్లోకి తీసుకుని నెమ్మదిగా ఊపి చూడండి. లోపల చిన్న ప్లాస్టిక్ ముక్కలు గలగలమంటే దాని ముఖ్యమైన బలహీనత బయటపడినట్టే. మోడల్ ఎంలో స్ప్రింగులున్న ప్లాస్టిక్ పలకనూ, వెనక ఉన్న వంపు ఉక్కు రేకునూ కలిపి పట్టి ఉంచేవి కరిగించి అదిమిన ప్లాస్టిక్ రివెట్లు. వయసు మీద పడేకొద్దీ అవి పెళుసెక్కి ఊడిపోతాయి. కొన్ని ఊడితే ఇబ్బంది ఉండదు, కానీ ఒకే ప్రాంతంలో ఎక్కువ ఊడితే పొరల మధ్య పట్టు సడలి అక్కడి మీటలు మెత్తబడతాయి, అక్షరాలు తప్పిపోతాయి. అప్పుడు మిగిలిన రివెట్లను కూడా కోసేసి, ఆ చోట్ల రంధ్రాలు చేసి, సన్నని బోల్టులూ నట్లూ బిగించాలి. ఓపిక కావలసిన పని, కానీ ఒకసారి శ్రద్ధగా చేస్తే ఆ సమస్య మళ్లీ తలెత్తదు. మోడల్ ఎఫ్‌లో రివెట్ల బెడద లేదు, లోపలి రేకులను విడదీసి మళ్లీ బిగించవచ్చు. దానికి బదులు అందులోని నురగ పొర పొడిపొడిగా రాలిపోతుంది, దాన్ని మార్చాలి.

మీటల టోపీల గురించి మీరు దిగులుపడనక్కరలేదు. అవి పీబీటీ ప్లాస్టిక్‌తో చేసినవి, అక్షరాల రంగును వేడితో ప్లాస్టిక్ లోపలికి ఇంకేలా చేశారు కాబట్టి దశాబ్దాలు వాడినా అక్షరం చెరిగిపోదు. ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ టోపీలు వాడగా వాడగా నున్నబడి జిడ్డుగా మెరిసినట్టు ఇవి త్వరగా మెరవవు. టోపీలన్నీ తీసి, గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి, పూర్తిగా ఆరిన తర్వాతనే తిరిగి పెట్టండి. లోపలి భాగంలోకి మాత్రం నీళ్లు పోనివ్వకండి, ఎందుకంటే మెంబ్రేన్ పొరల మధ్య చేరిన తడి ఎటూ పోలేక లోహపు గీతలను తినేస్తుంది.

లోపాలు కూడా దాచకుండా చెప్పాలి. మెంబ్రేన్ గళ్లలో డయోడ్లు (విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు) లేనందువల్ల కొన్ని మీటలను మూడేసి ఒకేసారి నొక్కితే మూడోది నమోదు కాదు. గద్యం రాసేవారికి ఇది అడ్డు రాదు, వేగమైన ఆటలు ఆడేవారికి తప్పకుండా వస్తుంది. శబ్దం విషయంలో పక్కన కూర్చునేవారి సౌకర్యాన్ని మన ఇష్టం కన్నా ముందు పెట్టడం న్యాయం. నలుగురు కూర్చునే గదిలో దీన్ని వాడమని నేను ఎవరికీ చెప్పను. చేతి నొప్పులున్నవారు కూడా ఆలోచించుకోవాలి, ఎందుకంటే దీని మీటలకు నేటి తేలికపాటి స్విచ్‌ల కన్నా ఎక్కువ బలం కావాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఊపి చూశాను, లోపల గలగల ఏమీ లేదు. ఇంకొక సందేహం మిగిలింది. ప్రస్తుతం దీన్ని పీఎస్/2 అనే పాతకాలపు గుండ్రని సాకెట్ ఉన్న పాత కంప్యూటరుకు తగిలించి వాడుతున్నాను. కొత్త కంప్యూటరుకు యూఎస్‌బీ తప్ప వేరే దారి లేదు. మౌస్‌లతో వచ్చే చిన్న ఆకుపచ్చ ముక్క లాంటిది సరిపోతుందా? విండోస్ మీట లేని లోటును ఎలా తీర్చుకోవాలి?

మూడవ సమాధానం ఇచ్చినవారు

ఆ చిన్న ముక్క సరిపోదు. అందులో తీగల అనుసంధానం తప్ప ఏ బుర్రా ఉండదు. యూఎస్‌బీ, పీఎస్/2 రెండు పద్ధతులూ తెలిసిన పరికరాలకు మాత్రమే అది పనికొస్తుంది. మీ కీబోర్డుకు యూఎస్‌బీ తెలియదు కాబట్టి లోపల మైక్రోకంట్రోలర్ ఉన్న కన్వర్టర్ తీసుకోవాలి. చౌకరకం కన్వర్టర్లలో కొన్ని పాత కీబోర్డులకు కావలసినంత విద్యుత్తు ఇవ్వలేక మధ్యమధ్యలో మీటలను వదిలేస్తాయి, కాబట్టి పాత కీబోర్డులతో పనిచేస్తుందని స్పష్టంగా చెప్పినదాన్నే ఎంచుకోండి. మీకు కొంచెం ప్రోగ్రామింగ్ పరిచయం ఉంటే, చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులో టీఎంకే వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించి కన్వర్టర్‌ను మీరే తయారు చేసుకోవచ్చు. అలా చేస్తే క్యాప్స్ లాక్ మీటనే విండోస్ మీటగా మార్చుకునే అవకాశం కన్వర్టర్‌లోనే ఉంటుంది, ఏ కంప్యూటరుకు తగిలించినా ఆ మార్పు కీబోర్డుతోనే వస్తుంది.

ఒకవేళ ముందుముందు మోడల్ ఎఫ్ కూడా దొరికితే దాని ప్లగ్గును చూసి నిర్ణయానికి రాకండి. 1981 నాటి పీసీ కీబోర్డుకూ 1984 నాటి ఏటీ కీబోర్డుకూ గుండ్రని అయిదు పిన్నుల ప్లగ్గు ఒకటే, కానీ అవి కంప్యూటరుతో మాట్లాడే పద్ధతులు వేరు. రెండోదానికి పనిచేసే కన్వర్టర్ మొదటిదానికి పనిచేయకపోవచ్చు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఒక్క విషయం చేరుస్తాను. విడిభాగాల కోసం పాత కీబోర్డులను వెతికి విప్పవలసిన అవసరం లేదు. ఐబీఎం నుంచి 1991లో విడిపోయిన లెక్స్‌మార్క్ ఈ కీబోర్డుల తయారీని కొనసాగించి 1996లో విరమించుకుంది, అప్పుడు ఆ అచ్చులనూ హక్కులనూ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో యూనికాంప్ అనే సంస్థ తీసుకుంది. అక్కడ బక్లింగ్ స్ప్రింగ్ కీబోర్డులు విండోస్ మీటతో, యూఎస్‌బీ తీగతో కొత్తగా తయారవుతున్నాయి, మీ 1989 కీబోర్డుకు సరిపడే టోపీలు కూడా వారి దగ్గర దొరుకుతాయి.