చర్చ: దగ్గరి ప్రాంతీయ ఆసుపత్రికి వెళ్లాలా, దూరంలోని పెద్దాసుపత్రికా?

నిద్రలేనిరాత్రి:
మా అమ్మగారికి 72 ఏళ్లు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. పది నిమిషాల దూరంలో ప్రాంతీయ ఆసుపత్రి, గంటంబావు దూరంలో అన్ని విభాగాలూ ఉన్న పెద్దాసుపత్రి, ఈ రెండూ కాక రాత్రి 9 దాకా తెరిచి ఉండే అర్జెంట్ కేర్ క్లినిక్ ఒకటి ఉన్నాయి. అవసరం ముంచుకొచ్చినప్పుడు ఏ లక్షణానికి ఎక్కడికి పరుగెత్తాలో ముందే రాసి పెట్టుకోవాలనుకుంటున్నాను. ఇలాంటి రాత్రులు గడిపినవారు తమ అనుభవం చెప్పగలరు.

వేకువచుక్క:
మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన రాత్రి సంగతి చెబుతాను. 9 గంటలకు మంచినీళ్ల గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. నీరసమేమో, పడుకుంటే తగ్గుతుందిలే అనుకుని గంటన్నర ఇంట్లోనే పోగొట్టుకున్నాము. 10:40కి దగ్గరి ఆసుపత్రికి చేరాము గానీ, రాత్రిపూట సీటీ స్కాన్ తీసేవారు అక్కడ లేరని మాకు తెలియదు. కబురు పంపి, ఎదురుచూసి, చివరికి 12:20కి రిఫర్ చేశారు. అంబులెన్సు దొరికి రెండో ఆసుపత్రికి చేరేసరికి 1:40 అయింది. రక్తపు గడ్డను కరిగించే మందును మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అంతకుముందు స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. మాకు ఆ గడువు పది నిమిషాల తేడాతో దాటిపోయింది. అక్కడి డాక్టరు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఆయన చివరిసారిగా బాగా ఉన్నది ఎన్ని గంటలకు?" అని. ముగ్గురం మూడు సమయాలు చెప్పాము. నాన్నగారి కుడిచెయ్యి ఇప్పటికీ సరిగా పట్టు చిక్కదు.

తెల్లకోటు:
నేను అత్యవసర విభాగంలో నర్సుగా పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. వేకువచుక్క గారూ, మీ బాధ అర్థమవుతోంది. అయితే మీ అనుభవం చదివినవారు ప్రతిదానికీ దూరపు ఆసుపత్రికే బయల్దేరతారేమోనని నా భయం. ఊపిరి అందకపోవడం, ఆగని రక్తస్రావం, స్పృహ తప్పడం, ఆగని మూర్ఛ, వీటిలో ఏది వచ్చినా దగ్గరున్న చోటికే వెళ్లాలి. ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించి, నిలకడ చేశాక పంపడం వేరు, దారిలోనే ప్రాణం పోవడం వేరు.

ఛాతీనొప్పి సంగతి కూడా అంతే. ఆసుపత్రికి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం, అది చిన్న ఆసుపత్రిలోనూ జరిగే పనే. పెద్ద రక్తనాళం మూసుకుపోయిందని ఈసీజీలో తేలితే, స్టెంటు వేసే చోట రెండు గంటల్లోపు ఆ పని జరిగేలా ఉంటే అక్కడికి పంపుతారు, లేదంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ముందు ఇక్కడే ఇస్తారు. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. కొన్ని గంటలు ఉండమని, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిన్నదేమో చూసే రక్తపరీక్ష) మళ్లీ చేస్తామని అంటే దయచేసి విసుక్కోకండి.

పక్షవాతం అనుమానమైతే మాత్రం స్కాన్ ఉన్న చోటికే తిన్నగా వెళ్లండి. నోట్లో నీళ్లు కూడా పోయకండి, మింగలేక పొరబోతుంది. సొంతంగా ఆస్పిరిన్ ఇవ్వకండి. నాలుగున్నర గంటలు దాటినా ఆశ వదులుకోనక్కర్లేదు, పెద్ద నాళంలో గడ్డ ఉన్న కొందరికి 24 గంటల దాకా కూడా గొట్టం ద్వారా దాన్ని తీసే వీలుంది.

చిన్నమెట్టు:
అర్జెంట్ కేర్ క్లినిక్‌ను తేలిగ్గా తీసుకునేవారికి ఒక మాట. బెణుకు, కుట్లు పడే గాయం, చెవిపోటు, మూత్రంలో మంట వంటివాటికి అదే మేలు, ఆసుపత్రిలో గంటలు కూర్చోనక్కర్లేదు. మా పదహారేళ్ల అబ్బాయి కడుపునొప్పి అంటే అక్కడికే తీసుకెళ్లాను. వాడు సిగ్గుపడి దాచాడు. డాక్టరు నన్ను బయటికి పంపి మళ్లీ అడిగితే, నొప్పి వృషణంలో అని తేలింది. అది మెలిపడిందని అనుమానించి ఆయనే ఫోన్ చేసి శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి పంపారు. ఆరు గంటలు దాటితే దక్కే అవకాశం తగ్గుతూ పోతుందట. నాలుగో గంటలో ఆపరేషన్ జరిగింది, దక్కింది. మూడు నెలలు నిండని పసివాళ్లకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే మాత్రం క్లినిక్ కాదు, ఆసుపత్రే.

నిద్రలేనిరాత్రి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం ప్రాంతీయ ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాను. స్కాన్ రాత్రంతా ఉందట, గడ్డ కరిగించే మందు కూడా ఇస్తారట, గొట్టంతో తీయడం మాత్రం పెద్దాసుపత్రిలోనేనట. అమ్మగారు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు, దాని పేరూ, వేసుకునే వేళా కాగితం మీద రాశాను. తెల్లకోటు గారూ, ఇంకేమైనా రాయాలా?

తెల్లకోటు:
చివరిగా ఎప్పుడు వేసుకున్నారన్నది కూడా కావాలి. ఆ మాత్ర పనిచేస్తూ ఉంటే గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. కాబట్టి రోజూ మాత్ర వేసుకోగానే సమయం రాసేలా అదే కాగితంలో ఒక గడి గీయండి.