నవంబరు 7 దీపావళి, వార్సా (పోలండ్): ఉక్రెయిన్ కుటుంబాలతో కలిసి. ఎవరు ఏ పని చూస్తారు?

కార్యదర్శి, సెప్టెంబరు 6

అందరికీ నమస్కారం. ఈసారి దీపావళి ఆదివారం వచ్చింది కాబట్టి మన సంఘం కార్యక్రమం ముందురోజు, శనివారం మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 వరకు. హాలు ఖరారయింది. కిందటి సమావేశంలో అనుకున్నట్టు మన పేటలోనే ఉంటున్న ఉక్రెయిన్ కుటుంబాలను పిలుస్తున్నాం. శనివారాలు వాళ్ల పిల్లలకు చదువు చెప్పే కేంద్రం వారితో మాట్లాడాను. సుమారు 40 మంది వస్తారు. పదిహేను మంది తల్లులు, ఇద్దరు ముగ్గురు అమ్మమ్మలు, మిగతా అంతా పిల్లలు. యుద్ధం మొదలవుతూనే 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటకూడదన్నారు కదా, ఆ ఇళ్లలో తండ్రులు చాలామంది అక్కడే ఉండిపోయారు.

ముసాయిదా ఇది: దీపం వెలిగించడం, రెండు నిమిషాల మౌనం, నలుగురు తల్లులు వేదిక మీద తమ అనుభవాలు చెప్పడం, ‘ఒత్తిడిని జయించడం ఎలా’ అని ఒక ప్రసంగం, నృత్యాలు, భోజనం, 7 గంటలకు బాణసంచా. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి. తోరణాలు కట్టాక చెబితే నేను వినను.

సాంస్కృతిక విభాగం, సెప్టెంబరు 6

అనుభవాల అంశం నేను చూస్తాను. వెనక తెర మీద యుద్ధ దృశ్యాలు, మెల్లగా వీణ. హాల్లో కన్నీరు పెట్టనివారు ఉండరు. తర్వాత ఆ నలుగురికీ శాలువాలు కప్పుదాం.

పిల్లల విభాగం, సెప్టెంబరు 7

తమ్ముడూ, నీ ఉత్సాహాన్ని తప్పు పట్టడం లేదు. కానీ వాళ్లను పిలుస్తున్నది మనం ఏడవడానికి కాదు కదా.

2022 మార్చి నుంచి ఆ కేంద్రంలో శనివారాలు లెక్కలు చెబుతున్నాను. మొదట్లో నేనూ అడిగేదాన్ని, ఏ ఊరు, ఎలా వచ్చారు, నాన్న ఎక్కడ అని. మన అలవాటే అంత, రైల్లో ఎదుటి బెర్తు వాళ్ల గోత్రం దాకా అడుగుతాం. ఒక రోజు తొమ్మిదేళ్ల పిల్లను అలాగే అడిగాను. జవాబు చెప్పలేదు. పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టింది. గంట అయ్యేసరికి కొత్త పెన్సిల్ బొటనవేలంత మిగిలింది, బల్ల మీద పొట్టు కుప్పయింది. ఆ రోజుతో అడగడం మానేశాను. ఏడు నెలల తర్వాత భాగహారం చేస్తూ చేస్తూ తనే ఒక మాట చెప్పింది. అది కూడా వదిలేసి వచ్చిన పిల్లి గురించి.

జరిగినదంతా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించేస్తే గుండె బరువు దిగుతుందని ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మారు. డీబ్రీఫింగ్ అనేవారు. పరీక్షించి చూస్తే దానివల్ల మేలు తేలలేదు, కొందరికి కీడే జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే చెబుతోంది. మనమేమో అదే పని, మైకు పెట్టి, రెండు వందల మంది ముందు, పరాయి భాషలో చేయించబోతున్నాం. పైగా శాలువా!

2011లో ఆ సంస్థే ఇంకొందరితో కలిసి మానసిక ప్రథమ చికిత్స అని ఒక చిన్న పుస్తకం తెచ్చింది. అందులో సారమంతా మూడు పనులు: చూడడం, వినడం, కలపడం. చూడడమంటే హాల్లో ఎవరు ఒంటరిగా గోడకు ఆనుకుని ఉన్నారో, ఏ పిల్లవాడికి ఆకలిగా ఉందో కనిపెట్టడం. వినడమంటే వాళ్లు చెబితే వినడం, అంతే. తవ్వడం కాదు, ‘కనీసం ప్రాణాలతో బయటపడ్డారు’ అని ఓదార్చడం అసలే కాదు. కలపడమంటే ఇల్లు, డాక్టరు, బడి, కాగితాలు, ఏది కావాలో అది చూసే వారి దగ్గరికి చేర్చడం. ఇది చేయడానికి మనస్తత్వ శాస్త్రం చదివి ఉండక్కరలేదు. నోరు కొంచెం అదుపులో ఉంటే చాలు.

ఇంకో సంగతి. వచ్చే వారందరినీ రోగుల్లా చూడకండి. గత పదేళ్లలో యుద్ధం చూసిన ప్రాంతాల్లో ఏ సమయంలోనైనా ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అది చాలా పెద్ద లెక్కే. కానీ మిగతా నలుగురి సంగతి? వాళ్లకు దుఃఖం ఉంది, నిద్ర తక్కువ, అద్దె ఎక్కువ. సహాయ సంస్థలన్నీ 2007లో ఒప్పుకున్న మార్గదర్శకాల్లో నాలుగు మెట్ల పిరమిడ్ ఒకటి ఉంటుంది. అడుగున కూడు, గూడు, భద్రత. దాని మీద కుటుంబం, ఇరుగుపొరుగు. ఆ పైన శిక్షణ పొందిన కార్యకర్తలు. కొసన మానసిక వైద్యులు. మనం రెండో మెట్టు వాళ్లం. అక్కడ చేయాల్సిన పని బోలెడుంది, నాలుగో మెట్టుకు నిచ్చెన వేయవద్దు.

ఇక బాణసంచా. ఉక్రెయిన్‌లో వైమానిక దాడి హెచ్చరికలకు ఒక ఫోను యాప్ ఉంది. ఇక్కడికి వచ్చేసిన తల్లులు కూడా దాన్ని తీసేయరు, భర్త ఉన్న ఊరు పెట్టుకుని ఉంచుతారు. మొన్న శనివారం టీ తాగుతుండగా ఒకావిడ ఫోనులో సైరన్ మోగింది. ఆవిడ చూసి, శబ్దం తగ్గించి, ఫోను బోర్లా పెట్టి, చక్కెర కలుపుకుంటూ ఉండిపోయింది. కలుపుతూనే ఉంది, టీ చల్లారిపోయింది. 2022 ఏప్రిల్ 10న, పోలండ్ అధ్యక్షుడు చనిపోయిన 2010 స్మోలెన్‌స్క్ విమాన ప్రమాద వార్షికానికి దేశమంతా సైరన్లు మోగించమని ప్రభుత్వం చెబితే, మా ఊళ్లో ఉక్రెయిన్ పిల్లలున్నారు, మోగించం అని చాలామంది మేయర్లు ఆపేశారు. ఆ ఊళ్లు మనకన్నా ముందే ఆలోచించాయి.

కోశాధికారి, సెప్టెంబరు 7

అక్కా, ప్రసంగం, మౌనం, తెర మీది దృశ్యాలు, అన్నీ తీసేయండి, ఒప్పుకుంటాను. బాణసంచా దగ్గర మాత్రం ఒక మాట. 900 జ్లోటీలు బయానా ఇచ్చేశాం, తిరిగి రాదు. మన పిల్లలు ఏడాదంతా ఎదురుచూసేది ఆ అరగంట కోసమే. మన పిల్లలకు కూడా ఒక బాల్యం ఉంది. అతిథులకు 6 గంటలకే భోజనం పెట్టి బస్సు ఎక్కిస్తే సరిపోతుంది కదా? వాళ్లు వెళ్లాకే కాలుద్దాం.

వంటశాల సహాయకుడు, సెప్టెంబరు 8

ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. గిన్నెలు మోసేవాడిగానే మీకు తెలుసు. కోశాధికారి అన్నయ్యా, అతిథులు వెళ్లిపోయినా నేను ఉంటాను.

యుద్ధం మొదలైన 2022 ఫిబ్రవరి 24న నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతున్నాను. మెట్రో స్టేషన్‌లో కొన్ని రాత్రులు, తర్వాత నిలబడే ల్వివ్ దాకా రైలు, అక్కడి నుంచి పోలండ్ సరిహద్దు. మెదికా దాటాక ప్షెమిష్ల్ స్టేషన్‌లో ఒక ముసలావిడ నా చేతిలో సూపు కప్పు పెట్టింది. ఏమీ అడగలేదు. ఖాళీ కాగానే మళ్లీ నింపింది. జెషూఫ్‌లో విమానం ఎక్కేదాకా జరిగినదాంట్లో నాకు సరిగ్గా గుర్తున్నది ఆ సూపే. బంగాళదుంపలు, ఏదో ఆకు.

భారత ప్రభుత్వం మనవాళ్లను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగలో 22,500 మంది దాకా వెళ్లాం. ఇంటికి చేరాక ప్రతి బంధువూ ‘బాంబులు చూశావా బాబూ’ అని అడిగారు. నేను బాంబు చూడలేదు. విన్నాను. పైన భూమి కదిలేది, స్టేషన్ కప్పు నుంచి సన్నగా దుమ్ము రాలేది. ఇది చెప్పిన ప్రతి రాత్రీ నిద్ర పట్టేది కాదు, అందుకని చెప్పడం మానేశాను. తర్వాత చదువు ఇక్కడే పూర్తి చేశాను. మూడేళ్లుగా దీపావళి రోజు ఏడు కాగానే గిన్నెలు తోమడానికి వెళ్తున్నాను, కుళాయి పూర్తిగా తిప్పుతాను. ఎవరూ గమనించలేదు. గమనించనందుకు నాకేమీ బాధ లేదు. ఇప్పుడు మాత్రం చెప్పాలనిపించింది.

అధ్యక్షుడు, సెప్టెంబరు 8

బాబూ, నీ మాట చదివాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న ఊరి మీద జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు పిల్లల్ని చంకనేసుకుని ఊరొదిలి వెళ్లినవాళ్లలో ఆవిడ ఒకరు. నలభై ఏళ్ల తర్వాత కూడా విమానం చప్పుడు వినబడితే చాలు, పెరట్లో ఆరేసిన తెల్లబట్టలు గబగబా తీసేసేది. మేము నవ్వేవాళ్లం. బట్టలు ఎందుకు తీసేదో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు, అప్పటికి ఆవిడ లేదు.

కోశాధికారి, సెప్టెంబరు 8

తమ్ముడూ, బయానా సంగతి నేను చూసుకుంటాను. బాణసంచా లేదు. మా పిల్లలకు నేనే చెబుతాను, వాళ్లు నాకన్నా త్వరగా ఒప్పుకుంటారేమో. ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి ప్రమిదలు ముందే పెట్టుకోవచ్చు. 200 ప్రమిదలకు డబ్బు ఉంది. చప్పుడు లేని కాకరపువ్వొత్తులు పరవాలేదా?

పిల్లల విభాగం, సెప్టెంబరు 9

పరవాలేదో కాదో మనం ఊహించడం ఎందుకు, కేంద్రంలో తల్లుల్నే అడిగాను. ఇద్దరు సరే అన్నారు, ఒకావిడ బాణసంచా మందు వాసన వద్దన్నారు. కాబట్టి ప్రమిదలు మాత్రమే. ఏమేం జరుగుతుందో, ఎన్ని గంటలకో, లైట్లు ఎప్పుడు తగ్గిస్తామో ఉక్రేనియన్‌లో ఒక కాగితం మీద రాసి వారం ముందే ఇస్తాం. డప్పు ఉంటే డప్పు ఉందని రాస్తాం. హఠాత్తుగా జరిగేవే భయపెడతాయి, చెప్పి జరిగేవి అంతగా భయపెట్టవు.

వంటల విభాగం, సెప్టెంబరు 9

నావి రెండు మాటలు. పులిహోర, పెరుగన్నం, ఆలూ వేపుడు, కారం లేని పప్పు. కారప్పొడి పక్కన గిన్నెలో. వాళ్ల బీట్‌రూట్ సూపు బోర్ష్ నేను వండను, వాళ్లు తెస్తామంటే ఒక బల్ల ఖాళీగా ఉంచుతాను. ఊరికే తిని వెళ్లే చుట్టాల్లా కూర్చోబెడితే వాళ్లకు ఇబ్బందే.

రెండోది. కిందటేడాది కజ్జికాయలు చేస్తుంటే మా పక్కింటి ఉక్రెయిన్ ఆవిడ వచ్చింది. నా చేతిలో పూరీ, మధ్యలో కొబ్బరి, బెల్లం. చూసి నవ్వి, పక్కన కూర్చుని తనూ మడవడం మొదలుపెట్టింది. వాళ్ల వంటకం ‘వరెనికీ’ది కూడా ఇదే ఆకారం, లోపల బంగాళదుంపో చెర్రీ పళ్లో పెడతారు. నేను అంచును నొక్కి మెలి తిప్పుతాను కదా, జడలాగా. ఆవిడదీ అచ్చం అదే మెలిక, కాకపోతే ఎడమ నుంచి కుడికి. ఇద్దరికీ కలిసి వచ్చిన పోలిష్ మాటలు ఇరవై ఉంటాయేమో. రెండు గంటల్లో నూట ముప్పై చేశాం. చివర్లో తన తల్లి గురించి ఏదో చెప్పింది, సగమే అర్థమైంది. నేను ఆ సగమే విన్నాను.

వేదిక తీసేసిన ఆ గంటలో పొడుగు బల్ల వేసి అందరం కజ్జికాయలు చేద్దామా? నూనె పని లోపల వంటశాలలో నేను చూసుకుంటాను.

సాంస్కృతిక విభాగం, సెప్టెంబరు 9

చేద్దాం. వీణ ఉంచుతాను, మైకు లేకుండా ఒక మూల. తెర తీసేస్తున్నాను. ప్రాయోజకుడి సంగతి ఏం చేయాలి? అతిథులతో ఫోటోలు కావాలని ముందే అడిగారు.

కార్యదర్శి, సెప్టెంబరు 10

వద్దని నేను చెప్పాను. బ్యానరు వాకిట్లో ఉంటుంది, దాని ముందు మన మొహాలు ఎన్నైనా తీసుకోవచ్చు. అతిథుల ఫోటోలు, ముఖ్యంగా పిల్లలవి, ఎవరూ ఎక్కడా పెట్టరు. ఎవరి భర్త ఎక్కడ పనిచేస్తున్నాడో, ఏ ఊళ్లో ఎవరు మిగిలారో మనకు తెలియదు. ప్రాయోజకుడు డబ్బు తగ్గిస్తే తగ్గించనివ్వండి, జిలేబీ మానేద్దాం.

పనులు చెబుతున్నాను. దుబాసీలుగా కేంద్రం నుంచి ఇద్దరు పెద్దవాళ్లు వస్తున్నారు. ఎంత బాగా పోలిష్ మాట్లాడినా సరే, పిల్లల్ని దుబాసీ చేయవద్దు. అమ్మ బాధను పన్నెండేళ్ల కొడుకు నోట చెప్పించడం అన్యాయం. పిల్లల గదిలో ఉండే ఐదుగురికీ నేర చరిత్ర తనిఖీ తప్పదు, 2024 నుంచి ఇక్కడి చట్టం అంత గట్టిగా ఉంది. ఇక్కడి రిజిస్టరులో పేరు నేను చూస్తాను. భారత పౌరులు మన దేశపు పోలీసు ధ్రువీకరణ కూడా తేవాలి, దానికి వారాలు పడుతుంది, రేపే దరఖాస్తు పెట్టండి. నవంబరులో వచ్చి మరిచిపోయానంటే గది బయట చెప్పులు సర్దే పని ఇస్తాను.

పక్కన చిన్న గది ఖాళీగా ఉంచుతున్నాం. దీపం, నీళ్లు, రెండు కుర్చీలు. ఎవరైనా లేచి అక్కడికి వెళితే వెంటపడవద్దు. పది నిమిషాల తర్వాత ఒకరు, ఒక్కరే, వెళ్లి మంచినీళ్లు కావాలా అని అడగండి. ఊపిరి ఆడనట్టుంటే అరికాళ్లు నేలకు గట్టిగా ఆనించమని, కనబడే వస్తువులు కొన్ని పేరుపెట్టి చెప్పమని నెమ్మదిగా అనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో బొమ్మలతో తెచ్చిన ఒత్తిడి పుస్తకంలో మొదటి పాఠం ఇదే, ఉక్రేనియన్‌లో కూడా దొరుకుతుంది, పది ప్రతులు అచ్చు వేయిస్తున్నాను. పిల్లల సహాయ ఫోను 116 111, అత్యవసరానికి 112. రెండూ గది తలుపు మీద ఉంటాయి. అంతకు మించినది కేంద్రంలోని మానసిక నిపుణురాలికి అప్పగిస్తాం, మనం మొదలుపెట్టం.

అక్టోబరు 17 శనివారం మూడు గంటల శిక్షణ. రానివారు ఆ రోజు అతిథుల బల్లల దగ్గర ఉండరు.

పిల్లల విభాగం, సెప్టెంబరు 10

ఒక్క రోజు దీపాలు పెట్టి మళ్లీ ఏడాదికి కనబడితే ఇది మన ముచ్చట మాత్రమే అవుతుంది. నవంబరు తర్వాత ప్రతి నెల రెండో శనివారం అదే కేంద్రంలో వంట, లెక్కలు, కాగితాల సాయం. ముగ్గురు చాలు, కానీ ఆ ముగ్గురూ తప్పకుండా రావాలి. వస్తామని రాకపోవడం అసలు రాకపోవడం కన్నా చెడ్డది. నా పేరు రాసుకోండి.

వంటశాల సహాయకుడు, సెప్టెంబరు 10

నాది కూడా. వంటే చేస్తాను.

వంటల విభాగం, సెప్టెంబరు 11

రాసుకున్నాను బాబూ. అందరికీ ఒక ప్రశ్న: 60 మంది చేతులు, సుమారు 400 కజ్జికాయలు. మైదా 8 కిలోలు, ఎండుకొబ్బరి 5, బెల్లం ఇక్కడ దొరకడం లేదు, ఎవరైనా ఇండియా నుంచి వస్తుంటే చెప్పండి. కజ్జికాయల అచ్చులు ఎవరి దగ్గరున్నాయి?

కోశాధికారి, సెప్టెంబరు 11

మా ఇంట్లో మూడున్నాయి. బెల్లం మా అత్తగారు అక్టోబరు 20న తెస్తున్నారు.

వంటల విభాగం, సెప్టెంబరు 11

బెల్లం తెప్పించండి. అచ్చులు మాత్రం ఇంట్లోనే ఉంచండి అన్నయ్యా, నాలుగు వందలూ చేత్తోనే మడుద్దాం.