20 వాట్ల ఫైబర్ లేజర్: మార్కింగ్ టైమ్ దిగడం లేదు, 50 వాట్లకి వెళ్లాలా?

లైన్_టైమ్ (ప్రశ్న)

నమస్తే అండీ. ఏడీసీ12 (అల్యూమినియం మిశ్రమం) డై కాస్టింగ్ హౌసింగ్‌ల మీద 18×18 డేటా మ్యాట్రిక్స్ కోడ్ (నల్ల, తెల్ల గడుల చదరపు కోడ్), దాని కింద 12 అక్షరాల సీరియల్ నంబరు వేస్తున్నాం. ఒక్కో పార్టుకి 3 సెకన్లు ఇచ్చారు. ఇప్పుడు 4.5 పడుతోంది: మార్కింగ్‌కే 2.9, పార్టు పెట్టి తీయడానికి 1.6.

మెషిన్ 20 వాట్ల క్యూ-స్విచ్ (పల్సులుగా కొట్టే) ఫైబర్, ఎఫ్254 (ఫోకల్ దూరం 254 మి.మీ.) లెన్స్ (175×175 మి.మీ. ఫీల్డ్). కోడ్ 7.2 మి.మీ. చదరం, అంటే ఒక్కో గడి 0.4 మి.మీ. పవర్ 90 శాతం, స్పీడ్ సెకనుకి 800 మి.మీ., 30 కిలోహెర్ట్జ్ (సెకనుకి 30 వేల పల్సులు), హ్యాచ్ (గడి నింపే గీతల ఎడం) 0.04 మి.మీ., అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. హ్యాచ్ ఏ గడికి ఆ గడి విడిగా పడుతోంది.

టైమ్ ఒక తలనొప్పి అయితే, వెరిఫయర్‌లో (కోడ్ నాణ్యత కొలిచే పరికరం; ఏ అన్నిటికన్నా మంచిది) గ్రేడ్ సి, డి మధ్య ఊగడం ఇంకోటి. 50 వాట్లది కొంటే రెండూ తీరతాయా? మోపా (పల్స్ వెడల్పు మార్చుకోగల ఫైబర్ లేజర్) తీసుకోమని కూడా చెబుతున్నారు.

గాల్వో_డిలే

కొనే ముందు లెక్క వేయండి. 18×18లో 324 గడులు, అందులో సుమారు సగం, 162, నల్లవి. వాటి విస్తీర్ణం 26 చ.మి.మీ. 0.04 ఎడంతో నింపితే 648 మి.మీ. గీత, రెండు వైపులా కాబట్టి 1296. 800 స్పీడ్‌లో దానికి 1.6 సెకన్లు. అక్షరాలకి పావు సెకను వేసుకున్నా ఇంకో సెకను లెక్కకి అందదు. ఆ సెకను ఎటు పోయింది? గడికి 10 గీతలు, రెండు వైపులా 20, మొత్తం 3240 చిన్న చిన్న గీతలు. ఒక్కో గీత దగ్గర లేజర్‌ని తిప్పే గాల్వో అద్దాలు ఆగి, కుదురుకుని, మళ్లీ కదలడానికి 0.3 మిల్లీ సెకను పడుతోంది. 50 వాట్లు పెట్టినా ఆ సెకను అలాగే ఉంటుంది. పైగా చాలా క్యూ-స్విచ్ మోడళ్లలో వాట్లు పెరిగితే పల్స్ బలం పెరగదు, సెకనుకి వచ్చే పల్సుల సంఖ్య పెరుగుతుంది. 20 వాట్లది 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇచ్చే 1 మిల్లీ జౌల్‌నే 50 వాట్లది 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఇస్తుంది.

నేనైతే మొదట లెన్స్ మారుస్తాను. ఒక్కో పార్టే మార్క్ చేస్తున్నప్పుడు 175 ఫీల్డ్ ఎందుకు? ఎఫ్160 (110×110) వేస్తే, 7 మి.మీ. బీమ్‌కి, ఎం-స్క్వేర్ (బీమ్ నాణ్యత అంకె) 1.5 అనుకుంటే, ఫోకస్‌లో లేజర్ చుక్క వెడల్పు 74 మైక్రాన్ల నుంచి 46కి దిగుతుంది. అదే పల్స్ రెండున్నర రెట్లు చిన్న చోట పడుతుంది. అప్పుడు రెండో వైపు హ్యాచ్ అక్కర్లేదు. ఎడం 0.05, స్పీడ్ 1200 పెట్టండి. 30 కిలోహెర్ట్జ్‌లో పల్సుల మధ్య దూరం 40 మైక్రాన్లు, చుక్క 46 కాబట్టి గీత తెగదు.

తరవాత హ్యాచ్‌ని వరసల వారీగా మార్చండి. పక్కపక్కనున్న నల్ల గడులు ఒకే గీతగా కలిసిపోవాలి. సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఈ ఆప్షన్ పేరు మారుతుంది, కోడ్ నింపే పద్ధతుల దగ్గరే ఉంటుంది. 3240 గీతలు 650 దరిదాపులకి పడిపోతాయి. గీయడానికి 0.43, అద్దాలు కుదురుకునే డిలేలకి 0.2, ఖాళీ గడుల మీద దూకడానికి 0.13. కోడ్ ముప్పావు సెకను, అక్షరాలతో కలిపి సెకను. అదే 20 వాట్లతో.

లెన్స్ మార్చగానే ఆ లెన్స్ కరెక్షన్ ఫైలు లోడ్ చేయడం మరవకండి, లేదంటే చదరం దిండులా ఉబ్బుతుంది. ఫోకస్ ఎత్తు కూడా మళ్లీ సెట్ చేయాలి.

డిలేలని (లేజర్, అద్దాలు ఒకదానికొకటి ఆగే విరామాలు) అంకెలు చూసి కాదు, 10 రెట్ల భూతద్దంలో గీత చూసి సరిచేయండి. గీత మొదట్లో గుండుసూది తలలా మచ్చ ఉంటే లేజర్ ఆన్ డిలే తక్కువ. గీత ఆలస్యంగా మొదలైతే ఎక్కువ. చివర తెగిపోతే ఆఫ్ డిలే తక్కువ. చివర మచ్చ పడితే ఎక్కువ. జంప్ డిలేని (దూకాక అద్దాలు కుదురుకునే విరామం) తగ్గిస్తూ పోండి. గీత మొదలు వణికినట్టు కనిపించిన చోట ఆగి ఒక మెట్టు వెనక్కి రండి. పాలిగాన్ డిలే (మూల దగ్గర ఆగే విరామం) అక్షరాల కోసం: మూలలు గుండ్రంగా వస్తే పెంచాలి, మాడితే తగ్గించాలి.

ఒక్క షరతు. ఈ సెట్టింగ్‌లో లోతు తగ్గుతుంది. మార్కింగ్ తర్వాత షాట్ బ్లాస్టింగో (లోహపు గుళ్లతో కొట్టి శుభ్రం చేయడం) పెయింటో ఉంటే ఈ లెక్క చెల్లదు.

గ్రేడింగ్_బెంచ్

గ్రేడ్ సంగతి. ముందు వెరిఫయర్ ఏ ప్రమాణంతో కొలుస్తోందో చూడండి. ఐఎస్ఓ/ఐఈసీ 15415 అచ్చు లేబుళ్ల కోసం రాసినది. లోహం మీద నేరుగా వేసిన కోడ్‌కి 29158 ఉండాలి. కాస్టింగ్ మీద దీపం కోణం మారితే నలుపు తెలుపుల తేడా మొత్తం మారిపోతుంది. 29158లో గుమ్మటం లైటు, 30 డిగ్రీల వాలు లైటు లాంటి అమరికలు ఉన్నాయి. ఏది వాడారో రిపోర్టులో రాసుకోకపోతే ఇవాళ్టి సిని నిన్నటి డితో పోల్చలేరు.

మీ అసలు తప్పు గడి ఉబ్బడం. చుక్క 74 మైక్రాన్లు, గీత గడి అంచు దాకా వెళుతోంది కాబట్టి సగం చుక్క రెండు వైపులా బయటికి పడుతుంది. 0.4 గడి 0.47 అవుతోంది, నల్ల గడులు పక్కనున్న తెల్ల గడులని తినేస్తున్నాయి. పైవారు చెప్పిన లెన్స్ వేశాక హ్యాచ్‌ని అంచు నుంచి 0.023 మి.మీ. లోపలికి జరపండి. మిగతావేవీ ముట్టకుండా ఇదొక్కటే మార్చి గ్రేడ్ చూడండి.

రెండోది నేపథ్యం. డై కాస్టింగ్ మీద రిలీజ్ ఏజెంట్ (పార్టు అచ్చుకి అంటకుండా కొట్టే ద్రవం) మరకలు, నూనె చారలు ఉంటే ఒక పార్టులో బూడిద రంగు, ఇంకో పార్టులో గోధుమ రంగు. అలాంటప్పుడు కోడ్‌కి ముందు తేలికపాటి తెల్లని పరుపు వేయాలి: 80 కిలోహెర్ట్జ్, స్పీడ్ 2500, ఎడం 0.08 దగ్గర మొదలెట్టండి. చుట్టూ ఒక గడి ఖాళీ అంచు తప్పనిసరి కాబట్టి పరుపు 8×8 మి.మీ. ఉండాలి. అది 800 మి.మీ. గీత, మలుపులతో కలిపి 0.4 సెకను. పైన చెప్పిన సెకనుకి ఇది కలిస్తే 1.4. మీ 1.6 కూడా వేస్తే సరిగ్గా 3.0, ఊపిరాడదు. కాబట్టి అన్ని పార్టుల్లోనూ ఉపరితలం ఒకేలా ఉంటే పరుపు మానేయండి.

మోపా మంచి పరికరమే, ఈ పనికి కాదు. యానడైజ్ చేసిన అల్యూమినియం మీద నలుపు కావాలన్నా, స్టెయిన్‌లెస్ మీద రంగు తేవాలన్నా పల్స్ వెడల్పు మార్చుకోగలగడం ముఖ్యం. ముడి కాస్టింగ్ మీద కోడ్‌కి క్యూ-స్విచ్ చాలు.

లైన్_టైమ్

ఇద్దరికీ ధన్యవాదాలు. మార్కింగ్ తర్వాత షాట్ బ్లాస్ట్ లేదండి, నీటి వాషింగ్ మాత్రమే. ఒక సందేహం: కాస్టింగ్ ఎత్తు పార్టు పార్టుకీ ప్లస్ ఆర్ మైనస్ 0.8 మి.మీ. తేడా వస్తోంది. ఎఫ్160తో ఫోకస్ తప్పదా?

స్టేషన్_మెయింటెనెన్స్

తప్పుతుంది, అందుకే ఆ ప్రశ్న లెన్స్ కొనకముందే తేల్చుకోవాలి. పైన చెప్పిన చుక్కలకి ఎఫ్254లో ఫోకస్ లోతు ప్లస్ ఆర్ మైనస్ 2.7 మి.మీ., ఎఫ్160లో 1 మి.మీ. మాత్రమే. ఆ 1 మి.మీ. చివర చుక్క విస్తీర్ణం రెట్టింపై తీవ్రత సగానికి పడిపోతుంది. నలుపు నిలకడగా రావాలంటే 0.5 లోపల ఉంచాలి.

మీ 0.8 ఎక్కడి నుంచి వస్తోంది? చాలా ఫిక్చర్లలో పార్టు అడుగు ముఖం మీద కూర్చుంటుంది, కోడ్ పై ముఖం మీద పడుతుంది. మధ్యలో ఉన్న గోడ మందం తేడా, పార్టింగ్ లైన్ (అచ్చు భాగాలు కలిసే గీత) దగ్గరి ఫ్లాష్ (మిగులు లోహం) అంతా ఫోకస్‌లోకి చేరుతుంది. ఈ అమరికని తిరగేసి ఆలోచించండి, పార్టుని కాదు: కోడ్ పడే ముఖమే మూడు గట్టి పిన్నులకి ఆనాలి, కింది నుంచి సిలిండర్ పైకి నొక్కాలి. అప్పుడు మందం ఎంత మారినా లెన్స్‌కీ ముఖానికీ దూరం మారదు. పిన్నులు కోడ్‌కి 10 మి.మీ. అవతల ఉంచండి, పొగ దారికి అడ్డు రాకూడదు.

టైమ్ అంచున ఉందన్నారు కదా, రెండు స్థానాల తిరిగే టేబుల్ పెడితే పార్టు పెట్టే 1.6 సెకన్లు మార్కింగ్ చాటున దాగిపోతాయి. సైకిల్ అంటే ఆ రెండింట్లో పెద్దది, దాని మీద టేబుల్ తిరిగే టైమ్. పరుపు వేసుకోవడానికీ జాగా దొరుకుతుంది.

నెలలు గడిచాక నలుపు తగ్గితే అందరూ లేజర్ సోర్స్‌ని అనుమానిస్తారు. ముందు లెన్స్ కింది రక్షణ గాజు చూడండి. అల్యూమినియం పొగ దాని మీద సన్నని పొరలా పేరుకుంటుంది. పొగ లాగే నాజిల్ కోడ్‌కి 50 మి.మీ. లోపు, గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పారేలా ఉండాలి. గాజుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, లెన్స్ టిష్యూతో ఒకే దిశలో ఒక్కసారి తుడిచి ఆ టిష్యూ పారేయండి. నెలకోసారి లెన్స్ కింద పవర్ మీటర్ పెట్టి రాసుకుంటే సోర్స్ తప్పో గాజు తప్పో తేలిపోతుంది.

పొగ లాగే అదే ఎక్స్‌ట్రాక్టర్‌కి స్టీల్ పార్టుల స్టేషన్ కూడా కలిపి ఉంటే ఇవాళే విడదీయండి. అల్యూమినియం పొడి దానికదే పేలుడు స్వభావం కలది, దానికి ఇనుము ఆక్సైడ్ తోడైతే ఫిల్టర్‌లో థర్మైట్ (విపరీతమైన వేడితో మండే) మిశ్రమం తయారవుతుంది.

సీరియల్ నంబరు లెక్క మెషిన్ కంప్యూటర్‌లో ఉంచకండి. పీఎల్‌సీ (లైన్‌ని నడిపే కంట్రోలర్) నుంచి స్టార్ట్ సిగ్నల్ సెన్సార్ అదురు వల్ల రెండుసార్లు వస్తే నంబరు ఒకటి ఎగిరిపోతుంది, లేదా ఒకే పార్టు మీద రెండు పడతాయి. రెడీ, స్టార్ట్, బిజీ, డన్ నాలుగు సిగ్నళ్లూ ఉండాలి. బిజీ పడి ఉండగా వచ్చిన స్టార్ట్‌ని పట్టించుకోకూడదు. మార్క్ అయిన చోటే కెమెరాతో చదివించండి. చదవని పార్టు రిజెక్ట్ పెట్టెలోకి, దాని నంబరు రద్దు ఖాతాలోకి. ఆ నంబరు మళ్లీ వాడొద్దు.

గ్రేడింగ్_బెంచ్

వాషింగ్ అన్నారు కాబట్టి ఒక మాట. కోడ్ నలుపులో కొంత భాగం వేలితో రాస్తే వచ్చేసే మసి. వాషింగ్‌లో అది పోతుంది, బి ఉన్నది సి అవుతుంది. సెట్టింగ్ ఖాయం చేసేటప్పుడు ఓ 30 పార్టులని వాషింగ్‌కి ముందు, తర్వాత కొలవండి. గ్రేడ్ పడిపోతే స్పీడ్‌ని 1200 నుంచి 900కి దించి మళ్లీ చూడండి. అక్కడా పడితే మసిని ఎగరగొట్టేలా తక్కువ పవర్‌లో, ఎక్కువ స్పీడ్‌లో ఇంకో పాస్ కావాలి. దానికి పట్టే టైమ్‌ని పైన వేసిన లెక్కలో కలుపుకోండి.