మెట్టలో పంట మార్పిడి ప్రయోగం: అన్ని దశలూ ఏటా ఉండాలా?

నల్లరేగడి:
జొన్న, కంది, పడావు (ఏమీ వేయకుండా వదిలే ఏడాది) అనే మూడేళ్ల మార్పిడిని ఏటా జొన్న వేసే పద్ధతితో పోల్చాలి. ఉన్నవి 16 ప్లాట్లు, గడువు ఆరేళ్లు. మార్పిడిలోని మూడు దశలూ ఏటా పొలంలో ఉండాలంటే, ఏటా జొన్న వేసేదానితో కలిపి ఒక్కోదానికి నాలుగే ప్లాట్లు వస్తాయి. ఏడాదికి ఒక్క దశనే నడిపితే ఎనిమిదేసి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట నాలుగు పునరావృతాలతో (ఒకే పద్ధతిని వేసిన వేర్వేరు ప్లాట్లతో) ఏం తేలుతుంది? నా మొగ్గు ఎనిమిదికే.

తూకంరాయి:
ఎనిమిది ప్లాట్లున్నా వాటిమీద కురిసే వాన ఒక్కటే కదండీ. కందితో మొదలుపెడితే పడావు తర్వాతి జొన్న మూడో ఏట, మళ్లీ ఆరో ఏట వస్తుంది. ఆరేళ్ల కష్టానికి రెండే పోలికలు. ఆ రెండేళ్లూ మంచి వానలు పడితే, పడావు దాచిన తేమ బెట్టలో ఎంత ఆదుకుంటుందో మీకు తెలియనే తెలియదు. మూడు దశలూ ఉంటే మూడో ఏటి నుంచి ఏటా ఒక పోలిక, మొత్తం నాలుగు. నేల తేడాలంటారా, వాలును బట్టి బ్లాకులు (నేల ఒకేలా ఉన్న ప్లాట్ల గుంపులు) విడదీసి, ప్రతి బ్లాకులోనూ అన్నిటినీ వేయండి.

మొదటిచాలు:
ఇంగ్లాండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగంలో పునరావృతాలే లేవు. అయినా లోకం దాన్ని చదువుతూనే ఉంది.

తూకంరాయి:
దానికి 180 ఏళ్లు దాటాయి. ఈయనకున్నవి ఆరు.

మొదటిచాలు:
సరే, ప్లాట్ల గొడవ వదిలేద్దాం. నా భయం బేరీజు మీద. ఊరికే అంకెలు అనుకోండి: ఏటా జొన్న వేస్తే 10 క్వింటాళ్ల చొప్పున మూడేళ్లకు 30. మార్పిడిలో జొన్న 14, కంది 5. జొన్నను జొన్నతో మాత్రమే పోల్చి 40 శాతం లాభమని రాసేస్తారు, పడావు ఏడాది ఎవరి ఖాతాలోనూ పడదు. కంది ధర జొన్నకు మూడు రెట్లయితే మార్పిడి విలువ 29 క్వింటాళ్ల జొన్నతో సమానం, ఓడినట్టే. నాలుగు రెట్లయితే 34. ఖర్చులు ఇంకా తీయనే లేదు. ఒక్క ధరతో తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను.

నల్లరేగడి:
మూడు దశలకే వస్తాను. లెక్క కూడా మూడేళ్ల నేలకే వేస్తాను, రెండు మూడు ధరలతో. మరి పడావు పక్కనున్న జొన్న వరుసలను కోతలో కలపాలా?

తూకంరాయి:
కలపకండి. పక్క ప్లాటు తేమ తాగి ఏపుగా పెరిగినవి అవి.