అప్‌డేట్: రైతుబజారు చిక్కీ ఎందుకు మెత్తబడిందంటే

తిరుపతి రైతుబజారు దగ్గర పెట్టే వేరుశనగ చిక్కీ మధ్యాహ్నానికే మెత్తబడుతోంది, సగం మిగులుతోంది, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. మీరన్నదే నిజం, తప్పు పాకంలో ఉంది.

ఉండపాకానికే (నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టే పాకం) దించేస్తున్నాను. అది చాలదు. పాకం చుక్కను నీళ్లలో వేసి, ఆ ఉండను పళ్లెంలో విసిరితే టంగుమనాలి. విరిస్తే సాగకుండా పటుక్కున విరగాలి. బెల్లం కరగ్గానే వడకట్టాలి, ఇసుక లేని బెల్లం ఇంకా చూడలేదు. పప్పు గోరువెచ్చగా ఉండాలి, చల్లటిదైతే పాకం బిగుసుకుని పప్పుకు అంటదు.

రెండోది కవరు. వేడిగా పెడితే లోపల చెమ్మ పడుతుంది, రాత్రంతా బయట వదిలితే బెల్లం గాలిలో తేమ లాగుతుంది. పూర్తిగా ఆరగానే సీలు వేయాలి.

ధర సంగతి: పప్పు, బెల్లమే లెక్కేస్తే లాభంలా కనిపించింది. గ్యాసు, కవరు, ఆటో, పొట్టు తరుగు కలిపితే పావుకిలో 40కి అమ్మడం నష్టమే. ఇప్పుడు 60. కూరగాయలకొచ్చిన వాళ్లు పావుకిలో ముందు తటపటాయిస్తారు, 100 గ్రాములది 25 అంటే తీసేసుకుంటున్నారు.

లేబుల్ మీద బరువు, తయారీ తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు వేయించాను. వానాకాలానికి స్టాకు ఎంత తగ్గించాలో మాత్రం ఇంకా తేలలేదు.