అబ్దెల్ ఫత్తాను విడిపించింది చట్టమా, క్షమాభిక్షా?

నిడదవోలు సుజాత: ఈజిప్టు హక్కుల కార్యకర్త 'అలా అబ్దెల్ ఫత్తా'కు బ్రిటన్ పౌరసత్వం కూడా ఉంది. 2019 సెప్టెంబరులో పట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు షేర్ చేస్తే 'తప్పుడు వార్తలు' అని 2021 డిసెంబరులో అయిదేళ్ల శిక్ష వేశారు. రిమాండులో ఉన్న రెండేళ్ల పైచిలుకు లెక్కలో కలపలేదు. కలిపితే 2024 సెప్టెంబరుకే వదలాలి. ఇది అక్రమ నిర్బంధమేనని 2025 మేలో ఇలాంటి నిర్బంధాలను పరిశీలించే ఐక్యరాజ్య సమితి వర్కింగ్ గ్రూపు తేల్చింది. చివరికి సెప్టెంబరులో అధ్యక్షుడు సిసి క్షమాభిక్ష పెడితే బయటికొచ్చాడు. మరి చట్టం పనిచేసినట్టా?

గోదారి గట్టు: ఏ చట్టం? పుట్టుకతో ఈజిప్టువాడు. బ్రిటన్ పౌరసత్వం జైల్లో ఉండగా వచ్చింది, తల్లి లండన్‌లో పుట్టిందని. పౌరసత్వంపై 1930లో కుదిరిన హేగ్ ఒప్పందం 4వ అధికరణం చూడండి. రెండు దేశాల పౌరుడి తరఫున ఒక దేశం రెండో దేశాన్ని నిలదీయడానికి లేదు. బ్రిటన్ అధికారులను జైల్లోకి రానివ్వకపోతే తప్పేంటి?

సుజాత: పౌరసత్వం సంగతి పక్కన పెట్టండి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికకు ఈజిప్టు 1982లోనే ఒప్పుకుంది. సొంత పౌరుణ్ణయినా అన్యాయంగా నిర్బంధించకూడదని అందులో 9వ అధికరణం. రిమాండు కాలాన్ని శిక్షలో తగ్గించడం మన కోర్టుల్లో రోజూ చూస్తాను. నేర విచారణ పద్ధతుల చట్టంలోనే ఉంది: పాత సీఆర్‌పీసీలో 428వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 468. ఈజిప్టు చట్టంలోనూ అలాంటిది ఉంది. వాళ్ల చట్టాన్ని వాళ్లే పాటించలేదు.

పల్నాటి పిల్ల: వాళ్లమ్మ లైలా సూయిఫ్ లెక్కల ప్రొఫెసరు. కొడుకు రావాల్సిన రోజు దాటగానే అన్నం మానేసింది. ఆ వయసులో లండన్‌లో ప్రధాని ఇంటి వీధి ముందు రోజూ నిలబడింది. నాకైతే ఆమే గుర్తుంటుంది.

జగిత్యాల శ్రీను: మా బావ గల్ఫ్‌లో పదకొండు నెలలు జైల్లో ఉన్నడు. అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నరు, అందులో ఏముందో ఇప్పటికీ తెల్వదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర. మనవాళ్లు ఒక్కరు కూడా పోయి చూడలేదు. శుక్రవారం ఫోన్ వస్తదేమోనని అక్క స్నానానికి పోయినా ఫోన్ ప్లాస్టిక్ కవర్ల చుట్టుకొని తీస్కపోయేది. ఆయన ఏ పోస్టూ పెట్టలేదు. ఆయన కోసం ఏ గ్రూపు వచ్చింది?

గోదారి గట్టు: శ్రీను గారూ, బాధ అర్థమైంది. కానీ అది వేరే విషయం. 4వ అధికరణానికి ఇంకా జవాబు రాలేదు.

శ్రీను: వేరే విషయమా? మీ ఇంట్లో మనిషి లోపల ఉంటే అధికరణం నంబరు అడుగుతరా?

అడ్మిన్: వ్యక్తిగతంగా వద్దు.

సుజాత: వేరే విషయం కాదండీ. విదేశీయుణ్ణి పట్టుకుంటే, తన దేశ రాయబార కార్యాలయానికి కబురు చేయించుకునే హక్కుందని అతనికి వెంటనే చెప్పాలి. 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం అది. పాకిస్తాన్ జైల్లో ఉన్న భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో పాకిస్తాన్ దాన్ని ఉల్లంఘించిందని 2019 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. మీ బావకు ఆ మాట చెప్పకపోతే అదీ ఉల్లంఘనే.

శ్రీను: జాదవ్ కోసం ప్రభుత్వం హేగ్‌ల ఉన్న ఆ కోర్టు దాకా పోయింది. మా అక్క అర్జీకి రసీదు కూడా రాలేదు. నా కొట్లాట ఈజిప్టుతో కాదు మేడమ్. మన మనిషి కోసం అడగడం మన ప్రభుత్వానికి బాధ్యతా, దయా? అది చెప్పండి.

గోదారి గట్టు: ప్రతి కేసులో ప్రభుత్వం దిగలేదు. ఆ దేశాలతో చమురు ఉంది, లక్షల మంది ఉద్యోగాలున్నాయి. ఎవరి కోసం దిగాలో దాని ఇష్టం. నేను మొదటి నుంచీ చెప్తున్నదదే.

సుజాత: ఇప్పుడు తేటగా చెప్పారు. అక్కడే నేను ఒప్పుకోను. జైల్లో మనిషిని వెళ్లి పలకరించడానికి కూడా చమురు లెక్క చూస్తే ఇక పాస్‌పోర్టు దేనికి? శ్రీను గారూ, వర్కింగ్ గ్రూపుకి రాయడానికి ప్రభుత్వం అక్కర్లేదు. ఫీజు లేదు. అక్కడి కోర్టులన్నీ తిరిగి ఉండక్కర్లేదు.

శ్రీను: తెలుగులో రాయొచ్చా?

సుజాత: లేదు, ఇంగ్లిష్‌లో.

శ్రీను: బావతో ఉన్న ఇద్దరు ఇంకా లోపలే ఉన్నరు. ఊళ్లు బావకు తెలుసు. రేపు వాళ్ల ఇండ్లకు పోతా. ఏమేం అడిగి రాసుకోవాలో చెప్పండి.

సుజాత: పట్టుకున్న తేదీ, ఎవరు పట్టుకున్నారు, ఏ కాగితం చూపించారు. ముందుగా ఇంటివాళ్ల అనుమతి. మెసేజ్ పెడుతున్నాను.